స్టైల్‌షీట్‌లో నాలుగు లైన్ల పనితనం

దోహాలో బ్యాంకులకూ జీతాల సాఫ్ట్‌వేర్లకూ మధ్య తిరిగే ఎక్స్ఎంఎల్‌ను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే పనిలో మనవాళ్లూ ఉన్నారు. వాళ్లలో అసలైన పనివాడెవరో తేల్చడానికి నేను చూసేది ఒక్కటే: బ్యాంకు ఖాతా సంఖ్య అయిన ఖతార్ ఐబాన్‌ను స్టైల్‌షీట్‌లో ఎలా సరిచూశాడు?

ఆ ఐబాన్‌లో 29 అక్షరాలు. మొదటి నాలుగింటినీ చివరికి జరపాలి, ఇంగ్లిషు అక్షరాలను అంకెలు చేయాలి (ఏ అంటే 10, జెడ్ అంటే 35). వచ్చిన సంఖ్యను 97తో భాగిస్తే శేషం 1 రావాలి. ఆ సంఖ్యకు కనీసం 35 అంకెలుంటాయి. స్టైల్‌షీట్లు రాసే భాష ఎక్స్ఎస్ఎల్‌టీ 1.0 పదహారో అంకె దగ్గరే తడబడుతుంది. వేరియబుల్‌కు ఒకసారి ఇచ్చిన విలువ మారదు కనుక మామూలు లూపూ కుదరదు. టెంప్లేట్ తనను తానే పిలుచుకుంటూ అంకెల్ని కొద్దికొద్దిగా తీసుకోవాలి. అదే మైక్రోసాఫ్ట్ ప్రాసెసర్‌లో స్క్రిప్ట్ ఎలిమెంట్ తెరిచి, భాష జేస్క్రిప్ట్ అని చెప్పి, ఒక ప్రిఫిక్స్ తగిలిస్తే చాలు. ఉన్న శేషాన్ని పదితో హెచ్చించి, కొత్త అంకె కలిపి, మళ్లీ 97తో భాగించే లూపు నాలుగు లైన్లు. మంచి చేతిలో ఆ ఫంక్షన్ ఐబాన్ తీసుకుని శేషం ఇచ్చి ఊరుకుంటుంది. ఫైళ్లు ముట్టదు, గ్లోబల్ కౌంటర్ పెట్టుకోదు. టెంప్లేట్లను ఏ వరుసలో నడపాలో ప్రాసెసర్ ఇష్టం కాబట్టి కౌంటర్‌ను నమ్మితే లెక్క తప్పుతుంది. ఎంత ముచ్చటైన పనో!

స్క్రిప్ట్ లేకుండానే కొండలు పిండి చేసినవాళ్లున్నారు. ఒరాకిల్‌కు చెందిన స్టీవ్ మ్యూంచ్ కీలతో గ్రూపింగ్ చేసి చూపాడు. దిమిత్రె నొవాచెవ్ 1.0లోనే ఫంక్షన్లకు ఫంక్షన్లను అందించాడు. ఇద్దరికీ దండం. అయినా నా ఓటు ఆ నాలుగు లైన్లకే. 1999లో 1.0 వచ్చాక, స్క్రిప్ట్‌ను ప్రమాణంలోకే తేవాలని 1.1 ముసాయిదా చూసింది. శుద్ధివాదులు గోల చేశారు, 2001లో అది అటకెక్కింది.

ఒళ్లు మండేది నకిలీ పని చూసినప్పుడు. మైక్రోసాఫ్ట్ వాళ్ల బిజ్‌టాక్ మ్యాపులో స్క్రిప్టింగ్ ఫంక్టాయిడ్ తెరిచి, ఎక్కడిదో సీ షార్ప్ వందల లైన్లు అతికించి, ట్యాగుల్ని స్ట్రింగులుగా కుట్టి, దానికి మ్యాప్ అని పేరు! డాట్‌నెట్‌లో స్క్రిప్ట్ అనుమతి మామూలుగా మూసే ఉంటుంది. దాన్ని బయటినుంచి వచ్చిన స్టైల్‌షీట్లకూ తెరిచిపెట్టే మహానుభావులున్నారు. పంపినవాడు మన సర్వర్ మీద తన కోడు నడుపుకోవచ్చన్న ఇంగితం కూడా లేదు.

ఇప్పుడు డాట్‌నెట్ కోర్ ఈ స్క్రిప్ట్‌ను అసలే ఒప్పుకోదు. అది చూపి మంచి స్టైల్‌షీట్లనూ చెత్తబుట్టలో వేస్తున్నారు. ఆగండి బాబూ! ఆ ఫంక్షన్‌ను సీ షార్ప్ క్లాసుగా బయటికి తీసి, పాత నేమ్‌స్పేస్‌తోనే ఎక్స్‌టెన్షన్ ఆబ్జెక్టుగా అందించండి. స్క్రిప్ట్ ఎలిమెంట్ తీసేస్తే చాలు, టెంప్లేట్లలో ఆ ఫంక్షన్‌ను పిలిచే లైన్లు ఉన్నవి ఉన్నట్టే పనిచేస్తాయి.