రాజే కవి, రంగమే కొలువు: తంజావూరు యక్షగానం

మాదాపూర్ శిల్పారామంలో కూచిపూడి కార్యక్రమం ఉందంటే చుట్టుపక్కల ఐటీ ఉద్యోగులూ పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. అందులో భామాకలాపం ఉంటే సత్యభామ వస్తూనే తానెవరో పాడి, ఆడి చెబుతుంది. అది ప్రవేశదరువు. కూచిపూడి భాగవతులకు అగ్రహారం ఇచ్చింది ఈ పక్కనే గోల్కొండను ఏలిన తానీషా అని ప్రతీతి. అయితే ఆ ప్రభువు దాత మాత్రమే. కళను పోషిస్తూ తామే కలం పట్టిన ప్రభువుల కోసం తంజావూరు వెళ్లాలి.

దానికి ముందు ఇటలీ వైపు ఒక చూపు. 1598లో అక్కడి ఫ్లోరెన్స్‌లో జాకొపో కోర్సి అనే సంపన్నుడు తన భవనంలో ‘దాఫ్నే’ ఆడించాడు. సాహిత్యం కవి రినుచ్చినిది, సంగీతం చాలావరకు స్వరకర్త పేరిది. కొన్ని బాణీలు కోర్సీయే కట్టాడు. ఒపేరాకు అదే శ్రీకారం. 1600లో పేరి ‘యూరిడిచే’ వెలువడింది. సరిగ్గా ఆ కాలంలోనే తంజావూరులో రఘునాథనాయకుడి ఏలుబడి మొదలైంది. ఫ్లోరెన్స్ ఒపేరా వాళ్లకూ, పాటగా నడిచే నాటకమైన యక్షగానం రాసిన తంజావూరు కవులకూ ఒకరి ఊసు ఒకరికి తెలియదు. చిక్కు మాత్రం ఇద్దరికీ ఒకటే: కథంతా పాటగా సాగాలి, విసుగు పుట్టకూడదు.

ఫ్లోరెన్స్ వాళ్లు మాటకూ పాటకూ నడిమి ధోరణి ఒకటి కనిపెట్టారు. మనవాళ్లు పని పంచారు.

కథ పరుగెత్తాల్సిన చోట ద్విపద. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఎన్ని పాదాలైనా సాగుతుంది కాబట్టి యుద్ధమైనా ప్రయాణమైనా నాలుగు నిమిషాల్లో ముగించవచ్చు. మనసు విప్పాల్సిన చోట దరువు. అక్కడ రాగం, తాళం ఖాయం. కథ ఆగుతుంది, అభినయానికి చోటు దొరుకుతుంది. ఒక ఘట్టాన్ని మరోదానితో కలపడానికి సంధివచనం. 16వ శతాబ్దపు కందుకూరి రుద్రకవి యక్షగానం ‘సుగ్రీవవిజయం’లో త్రిపుట, జంపె వంటి తాళప్రధాన రచనలదే పైచేయి. తంజావూరు చేరాక దరువులూ సంభాషణలూ పెరిగాయి. కథ చెప్పే గొంతు తగ్గి, పాత్రలు తమ మాట తామే పాడుకున్నాయి.

ఈ మార్పు వెనుక రాజుల చేయి ఉంది. 24 మెట్ల వీణకు రూపమిచ్చిన ఘనత రఘునాథుడికి దక్కింది. ఆయన కొడుకు విజయరాఘవుడు (1633–73) తండ్రినే నాయకుణ్ణి చేసి ‘రఘునాథాభ్యుదయం’ రాశాడు. పురాణపురుషుల రంగం మీదికి నిన్నటి రాజు నడిచొచ్చాడన్నమాట! ఆ కొలువులోనే పసుపులేటి రంగాజమ్మ ‘మన్నారుదాసవిలాసం’లో విజయరాఘవుణ్ణే నాయకుణ్ణి చేసింది. ఆయన ఆమెకు కనకాభిషేకం చేశాడు. రాసేవాడికే తోటి రచయిత్రి పనితనం బాగా తెలుస్తుంది కదా.

1673లో నాయకరాజ్యం కూలింది. తర్వాత వచ్చిన మరాఠా ప్రభువు శాహజీ (1684–1712) కూడా తెలుగులోనే ‘పల్లకి సేవా ప్రబంధం’ కూర్చాడు.

ఇప్పటి సభల్లో ప్రవేశదరువును విడి అంశంగా ఆడటం మామూలైంది. సమయం తక్కువ, తప్పదు. కానీ ద్విపద, వచనం పోతే దరువు ఎందుకు వచ్చిందో, ఏ కథను ఆపిందో ప్రేక్షకుడికి అందదు. మూడూ కలిసి పనిచేసే తీరు చూడాలంటే తంజావూరు జిల్లా మేలట్టూరుకు నరసింహ జయంతి రోజుల్లో వెళ్లాలి. మేలట్టూరు వేంకటరామశాస్త్రి రాసిన ‘ప్రహ్లాద చరిత్ర’ను తమిళ ప్రేక్షకుల ముందు అక్కడి భాగవతులు రాత్రిపూట తెలుగులోనే ఆడతారు. స్త్రీ వేషాలూ మగవాళ్లే కడతారు.