మాలపల్లిలో కూలి లెక్క

'మాలపల్లి' నవలను గూర్చి మన సభలలో ప్రసంగించువారు సాధారణముగా రెండు సంగతులు చెప్పి కూర్చుందురు. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు దానిని చెఱసాలలో వ్రాసిరన్నది ఒకటి. 1922లో అచ్చుపడిన ఆ గ్రంథమును చెన్నపురి ప్రభుత్వము నిషేధించినదన్నది రెండవది. రెండును సత్యములే. కాని నిషేధింపదగినంత నిప్పు అందులో ఎక్కడ ఉన్నదో చెప్పువారు అరుదు.

మాకు తోచినంతవరకు ఆ నిప్పు కూలి లెక్కలో ఉన్నది. ధాన్యము ధర పెరిగిన రోజులలో, గింజలు కొలుచుటకు బదులు డబ్బు ఇత్తుమని ఆసాములు తలపెట్టుదురు. చూచుటకు ఎంత చిన్న మార్పు! అందులోని మోసమును చౌదరయ్య పాలేరు సంగదాసు గ్రహించి కూలివాండ్ర పక్షమున నిలుచును. యజమాని చేతి దెబ్బకు ప్రాణములు విడుచును. సోదరుడు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై దోపిడికి దిగును. తండ్రి రామదాసు ఓర్చుకొనును. ఈ మువ్వురిలో ఎవరి మార్గము సరియైనదని విమర్శకులు వాదించుచు వచ్చిరి. మా దృష్టి మాత్రము రామానాయునిపై నిలిచినది. అతడు చౌదరయ్య కుమారుడు, సంగదాసునకు మిత్రుడు. తన కంచములోని అన్నమే అన్యాయమునుండి వచ్చుచున్నప్పుడు మంచివాడు ఏమి చేయవలెను? నవల చదువు మనలో పెక్కుమంది స్థానము అతనిదే.

లోపములు లేకపోలేదు. చర్చలు దీర్ఘములు, మరణానంతరము సంగదాసును పూజ్యుని చేయుటలో ఆ పాలేరి కుఱ్ఱవాడు కొంత మరుగుపడినాడు.

వెట్టి కార్మిక విధానమును రద్దు చేయు చట్టము 1976లో వచ్చినది. దాని ప్రకారము వెట్టికి మూలమైన అప్పు చెల్లదు. విడుదల బాధ్యత జిల్లా కలెక్టరుది. అయినను 2011లో, చెన్నైకి ఆనుకొనియున్న తిరువళ్లూరు జిల్లాలో, ఒక ఇటుక బట్టీనుండి ఒడిశా కూలీలను వందలాదిగా విడిపింపవలసివచ్చినది. ఇచట సంకెల పేరు అడ్వాన్సు. ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టుదురు. అది తీరువరకు కుటుంబమంతయు బట్టీ విడిచి పోరాదు. గింజలను డబ్బుగా మార్చిన ఆసామి లెక్కకు ఇది దగ్గరి చుట్టము.

ఇల్లు కట్టించువారు కాంట్రాక్టరును వేయి ఇటుకల ధర అడుగుదురు. ఏ బట్టీవి, అచట కూలి ఎట్లు ఇచ్చుచున్నారు అని మఱియొక ప్రశ్న అడుగుటకు చట్టజ్ఞానము అక్కఱలేదు; సమాధానము అనుమానాస్పదమైనచో కలెక్టరుకు ఒక అర్జీ వ్రాయవచ్చును. పంతులుగారు నవలతో ఆగక గుంటూరులో శారదానికేతనము స్థాపించి, స్త్రీవిద్యకై ఏండ్ల తరబడి శ్రమించిరి. ఆ సంగతి మన ప్రసంగములలో చివర, సమయము మిగిలినప్పుడు మాత్రమే వచ్చుచున్నది.