మూతిని బట్టి మేత, మేతను బట్టి పొత్తు

బొచ్చె చేపను చేతిలోకి తీసుకుని చూడండి. మూతి పైకి తిరిగి ఉంటుంది. శీలావతి పెదవి అంచున సన్నటి కుచ్చులుంటాయి. మోసు నోరు కిందివైపుకు ఉంటుంది. ఏ చేప ఏ పొరలో మేస్తుందో చెప్పడానికి ఈ మూతులే చాలు. బొచ్చె పైనీటిలో కంటికి ఆనని జీవాలను వడకట్టుకుని తింటుంది, శీలావతి నడిమి నీళ్లలో తిరుగుతుంది, మోసు అడుగున కుళ్లిన ఆకూ అలమూ వెతుక్కుంటుంది. ముగ్గురూ ఒకే చెరువులో ఉన్నా ఒకరి కంచంలో ఇంకొకరు చెయ్యి పెట్టరు.

దీన్నే మిశ్రమ పెంపకం అంటున్నాం. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ రసం ఎక్కించి ఈ కోవ చేపల చేత గుడ్లు పెట్టించాక, పిల్ల కోసం నది మీదే ఆధారపడే రోజులు పోయాయి. 1971లో దేశమంతటా మిశ్రమ పెంపకం మీద సమన్వయ పరిశోధన మొదలైంది. మన కొల్లేరు చుట్టుపక్కల రైతులు కూడా తొలిరోజుల్లో గడ్డిచేప, వెండిచేప, బంగారుతీగ కలిపి ఆరు రకాల దాకా వదిలారు. మోసు అడుగునే ఉండిపోయి వలకు సరిగ్గా చిక్కదు. ఇలాంటి కారణాలతో తర్వాత చాలామంది శీలావతికీ, దానికి తోడుగా కొంత బొచ్చెకూ పరిమితమయ్యారు. ఎవరితో ఎవరిని కలపాలన్న ఆలోచన మాత్రం డెల్టాలో ప్రతి చెరువుగట్టు మీదా వినిపిస్తుంది.

ఇంట్లో అక్వేరియం పెట్టేటప్పుడు ఆ ఆలోచన మనకు ఎందుకు రాదో నాకు అర్థం కాదు. దుకాణానికి వెళ్లి రంగు చూసి కొంటాం. ఏంజెల్ రెండు, గోల్డ్‌ఫిష్ రెండు, టైగర్ బార్బ్ నాలుగు, అద్దం శుభ్రం చేస్తుందని ఒక సక్కర్. అన్నీ కలిపి ఒకే కవర్లో ఇంటికొస్తాయి. టైగర్ బార్బ్ ఏంజెల్ రెక్కల అంచులు కొరుకుతుంది. గోల్డ్‌ఫిష్‌కు చల్లని నీళ్లు కావాలి, పైగా నాటిన మొక్కలు పీకి తింటుంది. ఎదిగిన ఏంజెల్ పక్కన నియాన్ టెట్రాలను వదిలితే అవి దానికి మేతే. ఆ నియాన్లు పుట్టిన అమెజాన్ వాగుల్లో నీళ్లు మెత్తనివి, ఆమ్లగుణం ఉన్నవి. మన గోదావరి నీళ్లకు కాస్త క్షారగుణం, వేసవిలో వేడీ ఎక్కువ. మూణ్ణెల్లకు తొట్టి ఖాళీ అయిందంటే అది ఆ ఇంటివాళ్ల చేతి దోషం కాదు, పొత్తు కుదరని చేపలను కలిపినందువల్ల.

ధవళేశ్వరంలో ఉన్నవాళ్లు ఇంకోవైపు చూడొచ్చు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడి నుంచి పాయలుగా చీలిన కాలువలు, వాటి బోదెలు, పొలం పక్క కుంటలు చిన్న చేపలకు ఇళ్లయ్యాయి. నెమ్మదిగా పారే నీళ్లు, ఒడ్డున నాచు, అడుగున మెత్తటి ఇసుక. మొక్కల అక్వేరియం అంటే ఇదే కదా! ఈ నీళ్లకు అలవాటుపడిన జాతులతోనే చక్కటి తొట్టి అమరుతుంది.

మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 100 లీటర్లు పడతాయి. నడిమి పొరకు పరిగెలు. మొప్ప వెనక ఒక నల్లచుక్క, తోక మొదట్లో ఇంకో నల్లచుక్క ఉండే చిన్న పరిగెను వాడుకోవచ్చు. ఇవి ఎనిమిదికి తగ్గకుండా ఉండాలి. గుంపు తగ్గితే బెదురు పెరుగుతుంది, బెదిరిన చేప మూల విడిచి రాదు. పైపొరకు తల మీద వెండిచుక్క మెరిసే పాంచాక్స్. దోమపిల్లలంటే దానికి ప్రాణం. కానీ ఎగిరి దూకుతుంది కనుక మూత తప్పదు. అడుగున ఇసుకలో దూరి కళ్లు మాత్రం బయటపెట్టే చిన్న లోచ్‌లు ఐదారు. వాటికి పదునైన రంగురాళ్లు పరిస్తే మూతి మీసాలు చీకిపోతాయి. గోదావరి ఇసుకను నీరు తేటగా వచ్చేదాకా కడిగి వేస్తే చాలు. చారల గౌరామి కావాలంటే మగది ఒక్కటే ఉంచండి. మొక్కల మధ్య బుడగల గూడు కట్టే రోజుల్లో అది ఇంకో మగచేపను దరి చేరనివ్వదు. అది పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, అందుకే నీటికీ మూతకూ మధ్య రెండు వేళ్ల సందు వదలాలి.

గాజుచేప గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒళ్లంతా పారదర్శకం, వెలుతురుకు ఎదురుగా నిలబడితే వెన్నుముల్లూ గాలితిత్తీ కనిపిస్తాయి. కాలువల్లో రెండు జాతులు తరచూ కలిసే దొరుకుతాయి. ఒకటి గుండ్రటి ఒంటి పరాంబాసిస్ రంగా, అది నెమ్మదైనది. రెండోది చందా నామా. దాని ఒళ్లు కాస్త సాగి ఉంటుంది, కింది దవడ పైదవడ కంటే బాగా ముందుకు పొడుచుకొస్తుంది. పక్క చేపల పొలుసులు పీక్కుతినడానికి పనికొచ్చే దవడ అది. అది తొట్టిలో చేరితే నాలుగు రోజుల్లో పరిగెల పక్కలు గీసుకుపోయి కనిపిస్తాయి, కారణం తెలియక మందులు పోస్తాం. తొట్టిలోకి వేసే ముందు ఒక గాజు గ్లాసులో ఉంచి దవడ చూస్తే సరిపోతుంది. గాజుచేప నీళ్లలో ఉప్పు కలపాలని దుకాణాల్లో చెబుతారు, మంచినీటి కాలువలో బతికే చేపకు ఆ అవసరం లేదు. ఇక గులాబీ, ఆకుపచ్చ గీతలతో అమ్మే గాజుచేపలున్నాయే, వాటి ఒంట్లోకి సూదితో రంగు ఎక్కిస్తారు. దయచేసి అవి కొనకండి. కొనేవాళ్లుంటేనే ఆ సూది కదులుతుంది.

కాలువ చేపలన్నీ తొట్టికి పనికిరావు. కొర్రమీను పిల్లలు నారింజ రంగులో గుంపుగా తిరుగుతూ ఎంతో ముద్దొస్తాయి, కానీ ఎదిగే కొద్దీ తోటివాటిని మింగేస్తాయి. మట్టగిడస, జెల్ల, బొమ్మిడాయి కూడా అంతే. పట్టి తెచ్చిన ప్రతి చేపనూ రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. చెరువు రైతులు పేను అని పిలిచే పరాన్నజీవి ఒక్కటి లోపలికి వచ్చినా అన్నిటికీ అంటుకుంటుంది.

మొక్కలు ముందు, చేపలు తర్వాత. హైడ్రిల్లా, వాలిస్నేరియా నాటి అవి వేరు పట్టేదాకా రెండు మూడు వారాలు ఆగడం మంచిది. చేపల మలం నుంచి వచ్చే అమ్మోనియాను మొక్కలు పీల్చుకుంటాయి. క్షారగుణం ఉన్న వేడినీటిలో అమ్మోనియాకు విషం ఎక్కువ కనుక ఆ సాయం మనకు మరీ అవసరం. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఒక రోజు బకెట్లో ఉంచి పోయండి.

మొక్కలు రాత్రిపూట ఆక్సిజన్ తీసుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగుతుంది. మబ్బుపట్టిన రోజు మర్నాడు తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే రైతు ఏరియేటర్లు తిప్పుతాడు. మే నెలలో మన గదిలోని తొట్టికీ అదే గండం. చీకటి పడ్డాక గాలిపంపు వేసి ఉంచాలి, చేపల సంఖ్యను వేసవిని లెక్కలో పెట్టుకునే నిర్ణయించాలి.

ఇక ఆ సక్కర్ సంగతి. బొటనవేలంత ఉన్నప్పుడు అమ్ముతారు, అది అడుగు దాటి పెరుగుతుంది. తొట్టి పట్టక జాలిపడి కాలువలో వదిలేవాళ్లున్నారు. గట్టి కవచం ఉన్న ఆ చేప దేన్నైనా తిని బతుకుతుంది, గట్లలో బొరియలు తవ్వుతుంది, వలలు చింపుతుంది. రాష్ట్రంలో రైతుల చెరువుల్లోకీ ఇప్పటికే చేరింది, వాళ్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. పెంచలేకపోతే కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి. పరిగెలూ పాంచాక్సులూ ఉన్న కాలువలోకి మాత్రం వదలకండి.