సాంఖ్యక సార్థకత: డేరిల్ బెమ్ ప్రయోగాలపై విమర్శనాత్మక పరిశీలన

భవిష్యత్తును మనిషి ముందుగానే పసిగట్టగలడని ప్రతిపాదిస్తూ కార్నెల్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త డేరిల్ బెమ్ 2011లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అది వెలువడినది సాంఘిక మనస్తత్వ శాస్త్రంలో అగ్రశ్రేణి పత్రికలో. వెయ్యిమందికి పైగా పాల్గొన్న తొమ్మిది ప్రయోగాలలో ఎనిమిదింటి ఫలితాలు సాంఖ్యకంగా సార్థకమైనవని అందులో పేర్కొన్నారు.

పరిశీలనకు మొదటి ప్రయోగమే చాలును. కంప్యూటరు తెరపై రెండు పరదాలు ఉంటాయి. చిత్రం దేని వెనుక ఉన్నదో చెప్పాలి. చిత్రం స్థానాన్ని కంప్యూటరు నిర్ణయించేది ఎంపిక జరిగిన తరువాతనే. శృంగార చిత్రాల విషయంలో వందమంది సగటున 53.1 శాతం సరిగా చెప్పారు. యాదృచ్ఛికంగా రావలసినది 50 శాతం. పి-విలువ 0.01. దీనిని ‘ఫలితం కాకతాళీయం కావడానికి నూటికి ఒక్క పాలే అవకాశం’ అని చదవడం పరిపాటి. సిద్ధాంత గ్రంథాలకూ ఈ పొరపాటు కొత్త కాదు. శూన్య పరికల్పన నిజమని ముందే అనుకొని చేసిన గణన పి-విలువ. ఆ ఊహ నిజమైతే ఇంతటి లేదా ఇంతకు మించిన తేడా రావడానికి గల సంభావ్యతను మాత్రమే అది చెబుతుంది. ఊహ నిజం కావడానికి ఎంత అవకాశమున్నదో చెప్పదు. కార్యకారణ క్రమాన్నే తలక్రిందులు చేసే ప్రతిపాదన విషయంలో ఈ రెంటి మధ్య దూరం చిన్నది కాదు. వాగన్‌మేకర్స్ బృందం బేయిసియన్ పద్ధతిలో అదే దత్తాంశాన్ని తిరిగి గణించినప్పుడు సాక్ష్యం బలహీనమని తేలింది.

అంతకన్న ఇబ్బందికరమైన సంగతి పత్రంలోనే ఉన్నది. నలభైమందికి ఒక చిత్రాల కూర్పు, మిగిలిన అరవైమందికి మరొకటి చూపారు. శృంగారేతర చిత్రాలలో ఫలితం 49.8 శాతమే. పోలికలు పెరిగేకొద్దీ ఏదో ఒకటి 0.05 గీతకు దిగువన పడే అవకాశమూ పెరుగుతుంది. సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అదే ఏడాది చేసిన అనుకరణ గణనలో, పరిశోధకుడు తీసుకొనే నాలుగు రకాల వెసులుబాట్లు కలిసినప్పుడు, లేని ప్రభావం ఉన్నట్లు తోచే అవకాశం 5 శాతం నుండి 60.7 శాతానికి పెరిగింది.

బెమ్ అనుసరించినది ఆనాటి సంప్రదాయాన్నే. పత్రాన్ని ఆమోదించిన సమీక్షకులదీ అదే సంప్రదాయం. అభియోగం దానిపైనే నిలుస్తుంది. 0.05 గీతకు ప్రాచుర్యం కల్పించిన ఫిషర్ సైతం ఏ ఒక్క ప్రయోగమూ తనంతట తాను చాలదనే భావించారు. రిచీ, వైజ్‌మన్, ఫ్రెంచ్ చివరి ప్రయోగాన్ని మూడుసార్లు తిరిగి చేయగా ఏ ప్రభావమూ కనబడలేదు. పునఃప్రయోగాలు ప్రచురించడం తమ విధానం కాదని బెమ్ పత్రాన్ని అచ్చువేసిన పత్రికే వారి వ్యాసాన్ని తిప్పిపంపింది. అది 2012లో ప్లాస్ వన్ పత్రికలో వెలుగు చూసింది.