ఆయకట్టు లెక్కలో మరచిన నీటి లోతు

ఖమ్మం జిల్లా కుసుమంచి ప్రాంతముననే పాలేరు జలాశయము కలదు. అది నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటిని నిలువ చేయును. అయినను దానికన్న ఎత్తున నున్న మెట్ట భూములకు ఆ నీరు చాల కాలము అందలేదు. ఈ కొరత తీర్చుటకు జలాశయమునుండి నీటిని పైకి తోడు భక్త రామదాసు ఎత్తిపోతల పథకము 2017 జనవరి 31న ప్రారంభమైనది. మెట్ట గ్రామములకు నీరు చేరుట మెచ్చదగినదే. కాని పథకము గొప్పతనమును ఎకరములతో మాత్రమే కొలుచు అలవాటు శాస్త్రదృష్టికి సరిపడదు.

లెక్క చూడుడు. పథకమునకు ఉద్దేశించిన నీరు 5.5 టి.ఎం.సి.; ఆయకట్టు సుమారు 60,000 ఎకరములు. ఒక టి.ఎం.సి. అనగా 100 కోట్ల ఘనపుటడుగులు. ఎకరమనగా 43,560 చదరపుటడుగులు. భాగించినచో ఎకరమునకు వచ్చు నీటి లోతు 2.1 అడుగులు. అదియు తోడినచోటి లెక్క. దారిలో మూడవ వంతు పోయినదనుకొన్నచో పొలమునకు చేరునది 1.4 అడుగులే.

నీరు నిలువగట్టి పెంచు వరికి నేలనుబట్టి సుమారు 4 అడుగుల నీరు కావలెను. వానకాలమున వానయే చాల భాగము తీర్చును. యాసంగిలో ఆ సాయము లేదు. అప్పుడు ఎగువ రైతులు వరి నాటినచో దిగువ రైతుల ఎకరములు కాగితముపైననే మిగులును. మొక్కజొన్న, వేరుశనగ వంటి ఆరుతడి పంటలకు దానిలో సగము నీరు చాలును.

వరియే కావలెనన్నను మడి ఎల్లప్పుడు నిండియుండ నక్కరలేదు. నీటిమట్టము నేలకు ఆరంగుళముల దిగువకు పోవువరకు ఆగి మరల నీరు పెట్టినచో, దిగుబడి తగ్గకుండనే నీరు మిగులునని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ తెలిపినది. పూత దశలో మాత్రము మడిని ఆరనీయరాదు.

ఇచ్చట ఒక పొరపాటు తలంపును తొలగించుకొనవలెను. నేలలో ఇంకిన నీరంతయు నష్టము కాదు. కొంత బావులకు చేరి మరల పంటకే వచ్చును. నిలువ నీటినుండి ఆవిరియై పోయినది మాత్రము ఆ పొలమునకు తిరిగి రాదు. కావున కాలువలకు సిమెంటు పూత వేసినంతనే నీరు ఆదా అయినదనుట తొందరపాటు.

ఎన్ని ఎకరములు తడిసినవని అడిగిన తరువాత, ఎంత నీటికి ఎంత గింజ పండినదని కూడ అడుగవలెను. తూమువద్ద నీటిని కొలువనిదే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఉపాధ్యాయులు తమ ఊరి చెరువునకు పై లెక్కను విద్యార్థులచే కట్టించినచో, ఆ కొలత అవసరము వారికే తెలియును.