‘నీటి విభజన’ అనే పేరు, గ్లిసరాల్ పాత్ర: ఒక పరిశీలన

కార్వేటినగరం వంటి దక్షిణ రాయలసీమ ఊళ్ళలో ఎండకు కొదువ లేదు, నీటికే ఎద్దడి. అందుచేత సూర్యకాంతితో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయవచ్చన్నప్పుడు తొలుత తలెత్తే ఆక్షేపణ నీటి గురించే. లెక్క ప్రకారం అది బలహీనమైన ఆక్షేపణ: కిలో హైడ్రోజన్‌కు కావలసింది 9 లీటర్ల నీరు. ఆక్షేపించవలసినది మరొకటి ఉంది. ‘నీటి విభజన’ అనే పేరు కింద రెండు వేర్వేరు ప్రక్రియలు కలిసిపోతున్నాయి.

1972లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్‌తో చూపిన ప్రక్రియలో హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ నీటి నుంచే వెలువడతాయి. రెండవ ప్రక్రియలో ఆక్సిజన్ రాదు. దీనికి మన ప్రాంతంలోనే మేలైన ఉదాహరణ ఉంది. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోని ఎం.వి. శంకర్ బృందం, హైదరాబాదు ఐ.ఐ.సి.టి. శాస్త్రవేత్త వి. దుర్గాకుమారి తదితరులతో కలిసి 2013లో ‘కెమికల్ కమ్యూనికేషన్స్’ పత్రికలో కాపర్ ఆక్సైడ్–టైటానియం డయాక్సైడ్ ఉత్ప్రేరకాలపై ఒక పత్రం ప్రకటించింది. టైటానియం డయాక్సైడ్ శక్తి అంతరం సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు కనుక అది అతినీలలోహిత కాంతినే గ్రహిస్తుంది. పుట్టిన ఎలక్ట్రాన్లు, రంధ్రాలు వెంటనే తిరిగి కలిసిపోవడం మరో చిక్కు. నానో పరిమాణం వల్ల అవి ఉపరితలం చేరే దూరం తగ్గుతుంది. కాపర్ ఆక్సైడ్ ఎలక్ట్రాన్లను పట్టుకుంటుంది. రంధ్రాలను నీటిలో కలిపిన గ్లిసరాల్ తీసుకుంటుంది. కణ పరిమాణానికీ హైడ్రోజన్ దిగుబడికీ గల సంబంధంపై నిలిపిన దృష్టే ఈ పరిశోధన బలం.

అయితే ఇక్కడ హైడ్రోజన్‌లో కొంత వాటా గ్లిసరాల్‌ది. అందులోని కార్బన్ చివరకు కార్బన్ డయాక్సైడ్‌గా బయటపడుతుంది. శుద్ధ నీటిని విడగొట్టడానికి మోల్‌కు 237 కిలోజౌళ్ళ శక్తి కావాలి. గ్లిసరాల్ తోడైతే ఆ ఎత్తు చాలావరకు ఎక్కనక్కరలేదు. పత్రం శీర్షిక నిజాయితీగా ‘హైడ్రోజన్ ఉత్పత్తి’ అనే అంటుంది. దానిని ఉటంకించే సిద్ధాంత గ్రంథాల్లో అది ‘నీటి విభజన’గా మారిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు గ్రాము ఉత్ప్రేరకానికి గంటకు ఇన్ని మైక్రోమోళ్ళన్న అంకె, శుద్ధ నీటి ఫలితాల పక్కన అతిశయంగా కనిపిస్తుంది. జపాన్‌లో డోమెన్ బృందం 2021లో నివేదించిన 100 చదరపు మీటర్ల ఫలకాల క్షేత్రం అందించిన సౌర సామర్థ్యం గరిష్ఠంగా 0.76 శాతమే. కానీ అక్కడ విడిపోయింది నీరే.

గ్లిసరాల్ బయోడీజిల్ తయారీలో మిగిలే ఉపఉత్పత్తి; దానిని వాడుకోవడం తప్పు కాదు, దాచడమే తప్పు. సీమలో ఈ పద్ధతిని నిలపాలంటే అడగవలసిన ప్రశ్నలు రెండు: ఆ గ్లిసరాల్ ఎక్కడి నుంచి వస్తుంది? స్వేదన జలానికి బదులు లవణాలు కరిగిన బోరు నీరు పోస్తే ఉత్ప్రేరకం ఎన్ని రోజులు పనిచేస్తుంది?