బ్రేకు పట్టించే చెయ్యి

బీచ్ రోడ్డు మీద సాయంత్రం షికారు, ఆదివారం పొద్దున కొండవాలు మట్టిదారులు. విశాఖలో ఈపాటి తొక్కేవాళ్లకు మౌంటెన్ బైకు మీద కేబుల్ డిస్క్ బ్రేకే మేలని నా నమ్మకం. హైడ్రాలిక్ బ్రేకు ఒక్క వేలితో నొక్కినా ఆగుతుంది, నిజమే. కానీ ఆయిల్ మార్చాలంటే తగిన పనిముట్లున్న షాపు వెతకాలి. ఉప్పుగాలికి కేబుల్ తుప్పుపడితే మాత్రం కొత్తది వీధి చివరి సైకిల్ షాపులోనే దొరుకుతుంది. ఆ మెకానిక్ పని చూడాలి! కాలిపర్ బోల్టులు రెండూ వదులుచేసి, డిస్కు సరిగ్గా నడుమకు వచ్చేలా జరిపి, ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తాడు. కదలని లోపలి ప్యాడును అలెన్ కీతో రవ్వంత దగ్గరకు తెస్తాడు. చక్రం తిప్పి చెవి ఒగ్గుతాడు. ‘స్స్’మని రాసుకుంటే, డిస్కు వంగిన చోటు కనిపెట్టి వెంట్రుకవాసి సరిచేస్తాడు. వేలు మాత్రం డిస్కుకు తగలనివ్వడు. చేతి జిడ్డు అంటితే పట్టు తగ్గిపోతుంది. చివర్లో స్పిరిట్ గుడ్డతో తుడుస్తాడు. వానకు తడిసిన వాలులో పిల్లలు ధైర్యంగా దిగుతున్నారంటే అదంతా ఆ చేతి చలవే. బైకు కొనేటప్పుడు గేర్లు లెక్కపెట్టే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూడండి. లీవరు హ్యాండిల్‌కు తగిలేదాకా వస్తే, అక్కడే సరిచేయించుకుని మరీ ఎక్కండి.